ఇంట్లో జబ్బును దాచని వదిన

ఆ రోజు పొద్దున మంచు బాగా కురిసింది. పత్తి తడిగా ఉన్నప్పుడు ఏరితే రంగు మారుతుంది. అందుకని కూలికి వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని ఎండ కోసం చూశారు. ఎండ వచ్చాక నడుముకు ఒడిబట్ట కట్టుకుని సాళ్ళలోకి దిగారు. మా అన్న కూడా దిగాడు. నేను ఏరిన పత్తిని చెట్టు కింద కుప్ప పోయిస్తున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. చంద్రపూర్ దవాఖాన నుంచి మా అన్న కొడుకు.

"కాకా, అమ్మ పోయింది" అన్నాడు.

"ఎప్పుడు" అన్నాను.

"ఇప్పుడే."

వాడే ఫోన్ పెట్టేశాడు.

నేను సాలు వెంట నడిచి అన్న దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన విన్నాడు. చేతిలో ఉన్న పత్తిని ఒడిలో వేసుకున్నాడు. ఆ సాలు చివరి దాకా ఏరి, కుప్ప దగ్గరికి వచ్చి ఒడి విప్పి దులిపి, "పోదాం పా" అన్నాడు. కూలివాళ్ళు చూసి ఏమనుకున్నారో తెలియదు. నాకు మాత్రం అది తప్పుగా కనిపించలేదు. నేను కూడా తాటిపత్రి పట్టా తీసుకుని కుప్ప మీద కప్పే వచ్చాను.

పోయింది మా వదిన. గుండెలో వాల్వు చెడిందని డాక్టర్లు చెప్పారు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందని ఏళ్ళుగా అంటూనే ఉండేది. అన్నను చూపించడానికి నెలనెలా చంద్రపూర్ దవాఖానకు వెళ్ళేది కానీ, అదే దవాఖానలో పక్క గదిలో తనను తాను ఎన్నడూ చూపించుకోలేదు.

మాది గోండ్‌పిప్రి తాలూకాలో ఒక చిన్న ఊరు. తాతల కాలం నుంచి పత్తి, వరి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. వదినది నదికి అవతల సిర్పూర్ వైపు. ఆమె పెళ్ళై వచ్చేటప్పటికి నేను ఏడో తరగతి చదువుతున్నాను. నాకు తెలుగు మాట్లాడటమే కానీ చదవడం రాదు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన మనిషి మా ఇంటికి రావడం అదే మొదటిసారి. పొయ్యి ముందు కూర్చుని బొగ్గు ముక్కతో గచ్చు మీద అక్షరాలు రాసి చూపించేది. "మీ మరాఠీ అక్షరాలకు నెత్తి మీద గీత ఉంటది. మావాటికి తలకట్టు ఉంటది. గంతే తేడా" అనేది. గంతే తేడా కాదని నాకు తర్వాత తెలిసింది. ఇది ఇప్పుడు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆమె వల్లే. తప్పులుంటే అవి నావి.

ఆమెను మా ఇంటికి ఇచ్చేటప్పుడు మా వాళ్ళు ఒక సంగతి చెప్పలేదు. మా నాన్నకు ఒక తమ్ముడు ఉండేవాడు. మేం చిన్నాయిన అనేవాళ్ళం. ఆయన పడుచు వయసులోనే మతి తప్పాడు. కొట్టం పక్క గదిలో ఉండేవాడు. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు, తనలో తాను మాట్లాడుకునేవాడు. మా వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చేవాళ్ళు ముందు చెప్పకుండా ఒక మనిషిని ఊళ్ళోకి పంపిస్తారు. ఆ మనిషి పాన్ డబ్బా దగ్గర, చాయ హోటల్ దగ్గర కూర్చుని ఇంటి సంగతులు అడిగి వెళతాడు. అలాంటి మనిషి వస్తున్నాడని తెలిస్తే చిన్నాయినను చేను కావలికి మంచె మీదికి పంపించేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళు కూడా చెప్పరు. ఈ రోజు మా ఇంటి మాట చెబితే రేపు వాళ్ళ ఇంటి మాట మేం చెబుతామని భయం. అలా వదిన మా ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికి చిన్నాయిన మంచె దిగి వచ్చాడు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయనకు ఒక కంచం వేరుగా పెట్టి ఉంటే, ఆ కంచాన్ని మిగతా కంచాల్లో కలిపేసింది.

అన్న అప్పుడు మాజ్రిలో ఒక కాంటా దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు. బొగ్గు లారీలు తూకం వేసే కాంటా. ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. లారీల మీద ఉండే కుర్రాళ్ళతో కలిసి గంజాయి అలవాటైంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. మా ఊళ్ళో అది కొత్త వస్తువు కాదు. ఏకాదశి భజనలో గంజాయి చిలుం తిరుగుతుంది. దాన్ని ఎవరూ నషా అనరు, ప్రసాదం అంటారు.

ఒక వానాకాలం అన్న పని మానేసి ఇంటికి వచ్చాడు. నిద్రపోడు. కాంటా దగ్గర జనం తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఆ మాటలు ఇక్కడికి కూడా వినిపిస్తున్నాయని అన్నాడు. నీళ్ళలో బొగ్గు పొడి కలిపారని తాగడం మానేశాడు. నాన్నకు భజనలో తోటివాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. నిద్ర లేకనే ఇదంతా, చిలుం రెండు పూటలా ఇస్తే నిద్ర వస్తుంది, నిద్ర వస్తే మనిషి సర్దుకుంటాడని. నాన్న ఒప్పుకున్నాడు. దేవుడి పటం ముందు కూర్చోబెట్టి వాళ్ళే పట్టించేవాళ్ళు. మంచి చేస్తున్నామనే చేశారు. నెల తిరక్కుండా అన్న పందిరి గుంజ పట్టుకుని, ఎవరు దగ్గరికి వచ్చినా కొట్టే స్థితికి వచ్చాడు.

వదిన అప్పుడు కడుపుతో ఉంది. ఎవరినీ అడగకుండా పొద్దున బస్సుకు ఆయనను చంద్రపూర్ తీసుకువెళ్ళింది. నన్ను వెంట రమ్మంది. డాక్టరు మరాఠీలో మాట్లాడతాడు, ఆమెకు అప్పటికి మరాఠీ సరిగా రాదు. ఆయన చెప్పింది నేను తెలుగులో చెప్పాను, ఆమె అడిగింది మరాఠీలో అడిగాను.

ఆ జబ్బుకు స్కిజోఫ్రేనియా అని పేరు చెప్పాడు డాక్టరు. మందులు వాడాలి, గంజాయి పూర్తిగా మానాలి, బాగైంది కదా అని మందులు మధ్యలో ఆపకూడదు అన్నాడు.

వదిన అడిగింది: "మా చిన్నమామ ఎన్నడు గంజాయి ముట్టలే. ఆయనకెందుకు వచ్చింది? లారీల మీది పోరగాండ్లు రోజు తాగుతరు. వాళ్ళకెందుకు రాలే?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఇది కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, ఒక్క గంజాయి వల్లే వస్తుందని కాదు, గంజాయి లేకుండా కూడా వస్తుంది అన్నాడు. కానీ ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళు గంజాయి తాగితే ప్రమాదం పెరుగుతుంది, చిన్న వయసులో మొదలుపెడితే ఇంకా పెరుగుతుంది అని చెప్పాడు.

"మరి నా కడుపుల ఉన్నోనికి వస్తదా?"

ఈ మాట మరాఠీలో అడగడానికి నాకు కొంచెం సేపు పట్టింది. రావచ్చు, రాకపోవచ్చు, ఇలాంటి ఇళ్ళల్లో కూడా ఎక్కువ మందికి రాదు అన్నాడు డాక్టరు. వదిన తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకే మాట అంది. "వస్తదని చెప్పలే, రాదని చెప్పలే. మనం చేసేదొకటి ఉన్నదని చెప్పిండు. గదే చాలు."

ఆ తర్వాత వచ్చిన ఏకాదశికి భజన మా వాకిట్లో జరగాలి. వంతు మాది. వదిన చాయ పోసింది, చాపలు వేసింది. చిలుం బయటికి తీసేసరికి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"పాటలు పాడుండ్రి, ఎంతసేపన్న పాడుండ్రి. గా చిలుం మాత్రం రోడ్డవతల."

భజనలో పెద్దాయన నవ్వాడు. "కోడలా, ఇది దేవుని ప్రసాదం. కాదనద్దు."

"ప్రసాదమైతే ఆడోళ్ళకు గూడ పంచుండ్రి మరి. అత్తా, రా. నువ్వు గూడ రెండు గుంజులు గుంజు."

తాళాలు పట్టుకున్నవాళ్ళు పకపకా నవ్వారు. పెద్దాయన కూడా నవ్వలేక నవ్వలేక నవ్వాడు. మా అమ్మ మాత్రం ఆ వారమంతా కోడలితో మాట్లాడలేదు. మా వాకిట్లో ఆ తర్వాత చిలుం వెలగలేదు.

అన్నకు రాత్రి అన్నం తిన్నాక మాత్ర ఇచ్చేది. చిన్న బెల్లం ముక్క కూడా పెట్టేది. మింగాక నోరు తెరిచి చూపించమనేది.

"నోరు చూసుడేంది, నేనేమన్న ఎద్దునా" అనేవాడు అన్న.

"ఎద్దువైతే నమ్ముదును. ఎద్దు మాత్రను నాలుక కింద దాసుకోదు."

అన్న నోరు తెరిచేవాడు. ఇన్నేళ్ళూ ఇదే మాట, ఇదే జవాబు. మధ్యలో ఒకసారి ఆయన బాగున్నానని మాత్రలు కొట్టం చూరులో దాచాడు, మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఆ తర్వాత ఆ మాట నవ్వులాటగా అన్నా, చూడటం మాత్రం నిజంగానే చూసేది. అన్న ఇప్పుడు చేను పని చేస్తాడు. చేతులు కొంచెం వణుకుతాయి, మాట తక్కువ. పత్తి శుభ్రంగా ఏరుతాడు, ఒక్క ఆకు ముక్క ఉండదు.

నా పెళ్ళి సంబంధాలప్పుడు ఆమె చేసిన పని గురించి మా ఇంట్లో చాలా కాలం చెప్పుకున్నారు. పిల్ల మేనమామ రాజురా నుంచి వచ్చాడు. చిన్నాయిన అప్పటికి బతికే ఉన్నాడు. ఆయనను మంచె మీదికి పంపమని అమ్మ అంటే వదిన వినలేదు. వచ్చినాయనకు చాయ ఇచ్చి ఎదురుగా నిలబడింది.

"తాగుండ్రి. తాగినంక ఒక మాట చెప్త. నోట్ల చాయ ఉన్నప్పుడు చెప్తే పొలమారుతది."

ఆయన గబగబా తాగాడు.

"కొట్టంల కూసున్నాయన మా చిన్నమామ. ఆయనకు తలకాయ జబ్బు. మా ఇంటాయనకు గూడ గదే జబ్బు, మందుల మీద ఉన్నడు. ఈ పిలగానికి ఏం లేదు, నషా గూడ లేదు. రేపటి సంగతి నాకు తెల్వది. చూసుకొని ఇయ్యుండ్రి."

"గిన్ని చెప్పినంక ఇగ పిల్లనెవలిస్తరమ్మా" అన్నాడాయన.

"ఇయ్యకుంటే ఇయ్యకుండ్రి. నన్నిచ్చేటప్పుడు మా నాయినకు ఎవ్వరు చెప్పలే."

అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. ఆ సంబంధం పోయింది. ఇంకొకటి కూడా పోయింది. తర్వాత వచ్చిన పెద్దమనిషి అంతా విని, "మందులు ఎవలిస్తున్నరు" అని అడిగాడు. "నేనే" అంది వదిన. "నీ అసొంటి పెద్దకోడలున్న ఇల్లు, ఇస్తం" అని ఆయన ఒప్పుకున్నాడు. ఆయన కూతురే నా భార్య.

అన్న కొడుకు పదో తరగతి దాటాక చంద్రపూర్‌లో డిప్లొమాలో చేరాడు. అక్కడే తుకుం అనే పేటలో ఇంకొందరు పిల్లలతో కలిసి గది తీసుకున్నాడు. వాడికి చిన్నప్పుడే వదిన అన్నీ చెప్పి ఉంచింది. మీ నాన్నకు ఇది ఉంది, మీ చిన్నతాతకు ఉండేది, నీకు రావాలని లేదు, కానీ నువ్వు గంజాయి ముట్టకూడదు అని. దాచకుండా, భయపెట్టకుండా, బువ్వ తినే వేళ చెప్పినట్టు చెప్పింది. వాడు తుకుం వెళ్ళాక పొద్దున్నే ఫోన్ చేసేది. "నిద్ర పట్టిందా?" అని అడిగి పెట్టేసేది. గదిలో పిల్లలు వాడిని ఆట పట్టించేవాళ్ళు. ఒకడు దుప్పటి తీస్తూనే ఆమె గొంతుతో "ఝోప్ లాగలీ కా, బాళా" అని అదే మాట మరాఠీలో అడిగేవాడట. నా భార్య ఒకసారి, "తిన్నవా అని అడగవేందక్కా" అంది. "తినుడు అందరు తల్లులు అడుగుతరు. నాకు నిద్ర కావాలె" అంది వదిన.

పోయిన ఎండాకాలం వాడు సెలవులకు వచ్చాడు. వదిన బట్టలు ఉతుకుతూ వాడి అంగీ ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను పక్కనే ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాను.

"ఇది బీడి వాసన కాదు" అంది.

"రూమ్‌ల పోరగాండ్లు తాగుతరు. నేను కాదు" అన్నాడు వాడు.

ఆమె ఉతకడం ఆపలేదు. వాడు దగ్గరికి వచ్చి, "ఎప్పుడో ఒకసారి. అందరు తాగుతరమ్మా, వాళ్ళకేం గాలే" అన్నాడు.

"వాళ్ళది చల్క నేల. ఎంత నీళ్ళు పెట్టినా కిందికి దిగుతది. మనది నల్లరేగడి. పెట్టిన నీళ్ళు పెట్టినట్టే నిలుస్తది. పక్కోడు తడి పెట్టిండని మనం పెడితే వేరు కుళ్ళుతది. నేల మంచిది కాదంటలేను. గీ నేలకు గంత నీళ్ళు వద్దంటున్న."

వాడు అంగీ తీసుకుని తానే పిండి ఆరేశాడు.

ఆ నెల అన్నను దవాఖానకు తీసుకువెళ్ళేటప్పుడు వాడిని కూడా వెంట పెట్టుకుంది. నేనూ వెళ్ళాను. డాక్టరు అన్నతో మాట్లాడి, మందులు రాసి, ఇంకేమైనా ఉందా అన్నాడు. వదిన కొడుకు వైపు తిరిగింది. "నువ్వే చెప్పు" అంది. వాడు ఫ్యాన్ వైపు చూశాడు. డాక్టరు ఆగాడు. వదిన కూడా ఆగింది. వాడు చెప్పలేదు. బయటికి వచ్చాక, నువ్వే చెప్పేయాల్సింది వదినా అన్నాను.

"నేను చెప్తే అది నా మాట అయితది, చిన్నోడా. వాడు రేపు కాదంటడు. వాని నోటితోని వాడు చెప్పాలె. ఇయ్యాల కాకుంటే ఇంకోనాడు."

ఇంకోనాడు ఎప్పుడు అని నేను అడగలేదు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని ఆయాసపడింది. మెట్లు ఎక్కినందుకు అంది.

దసరా తర్వాత ఆమె కాళ్ళు వాచాయి. చంద్రపూర్‌లో చేర్చాం. కొడుకు దగ్గరుండి చూసుకున్నాడు. మేం ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి వచ్చేవాళ్ళం. నేను చివరిసారి చూసినప్పుడు ఆక్సిజన్ పెట్టి ఉంది. దాన్ని కొంచెం పక్కకు జరిపి, "మీ అన్న మాత్ర మింగుతుండా" అంది. మింగుతున్నాడన్నాను. "నోరు చూస్తున్నరా?" నా భార్య చూస్తోందన్నాను. కళ్ళు మూసుకుంది. కొడుకు అప్పుడు మందుల కోసం కిందికి వెళ్ళాడు. వాడి గురించి ఏమైనా అంటుందేమోనని చూశాను. ఏమీ అనలేదు.

వాగు దగ్గర దహనం చేశాం. కొడుకు తలకొరివి పెట్టాడు. ఏడవలేదు. అన్న కూడా ఏడవలేదు. నాకు కూడా ఏడుపు రాలేదు. పత్తి పగిలి ఉంది, మధ్యలో ఒక వాన పడుతుందేమోనని ఆ రోజు కూడా ఆకాశం చూశాను. ఇది రాసుకోవాలో వద్దో తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి గురించి రాస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

వదిన తమ్ముళ్ళు సిర్పూర్ నుంచి వచ్చి దినాల దాకా ఉన్నారు. కర్మ అయ్యాక మేనల్లుణ్ణి తమతో తీసుకుపోతామన్నారు. చదువు ఆపితే ఆగింది, కళ్ళ ముందు ఉంటాడు, ఆ గదీ వద్దు ఆ దోస్తులూ వద్దు అన్నారు. వాళ్ళ అక్క వాళ్ళకు కూడా ఏదీ దాచలేదు. నాకు అది మంచి మాటే అనిపించింది. వాడు ఒక్కడే తుకుంలో ఉంటే ఏమవుతుందో నేను చెప్పలేను. ఇంట్లో ఇద్దరికి వచ్చిన జబ్బు. వాడి వయసు కూడా అన్నకు మొదలైన వయసుకు దగ్గరగా ఉంది.

ఆ మధ్యాహ్నం వాడు పత్తి గదిలో ఉన్నాడు. ఏరిన పత్తి గది నిండా పోసి ఉంది. ఇంకా పట్టాలని దాని మీద నడుస్తూ తొక్కుతున్నాడు. నేను గంపలతో తెచ్చి పోస్తున్నాను. అన్న గడప మీద కూర్చుని ఆకు ముక్కలు ఏరి పారేస్తున్నాడు. మామలతో వెళతావా అని అడిగాను.

"పోను కాకా. బాపును సోమవారం దవాఖానకు తీస్కపోవాలె గద" అన్నాడు.

"నేను తీస్కపోత. నువ్వు నీ సంగతి చూసుకో."

వాడు తొక్కుతూనే ఉన్నాడు. మోకాళ్ళ దాకా దిగబడుతోంది.

"నా సంగతే. మల్ల తాగిన. అమ్మను చేర్చినంక, కింద మందుల దుకాణం కాడ దోస్తులు కలిసిండ్రు. గప్పటి నుంచి మనసు ఒక్కతీరుగ ఉంటలేదు. డాక్టరుకు చెప్త. నేనే చెప్త."

అన్న తల ఎత్తి కొడుకు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను గంప బోర్లించాను.

"ఇద్దరం పోదాం తీ" అన్నాడు అన్న.

వదిన తమ్ముళ్ళు ఆదివారం సాయంత్రం సిర్పూర్ వెళ్ళారు. సోమవారం పొద్దున మొదటి బస్సుకు అన్న, అన్న కొడుకు చంద్రపూర్ వెళ్ళారు.